ఎం.ఆర్.ఐ.లో డిస్క్ బల్జ్ అని వచ్చింది, బెడ్ రెస్టా, ఆపరేషనా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 38. హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం, రోజుకు రానూపోనూ 40 కిలోమీటర్లు బైకు మీద. మూడు వారాల కిందట నీళ్ల బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. ఇప్పుడు నడుం కంటే ఎడమ కాలి బాధ ఎక్కువైంది. పిర్ర నుంచి తొడ వెనక భాగం మీదుగా పిక్క దాకా, ఒక్కోసారి మడమ దాకా లాగుతోంది. ఎం.ఆర్.ఐ. రిపోర్టులో "ఎల్4-ఎల్5 డిఫ్యూజ్ డిస్క్ బల్జ్, ఎల్5-ఎస్1 డిస్క్ డెసికేషన్, ఎడమ వైపు చిన్న ప్రొట్రూజన్" అని ఉంది. ఒక డాక్టరు మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. ఇంకొకరు ఎల్4-ఎల్5 ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఇంట్లోవాళ్లు పరుపు తీసేసి చెక్క బల్ల వేశారు. ఎవరి మాట వినాలి?

ముందు రిపోర్టు పక్కన పెట్టి మూడు సంగతులు చూసుకోండి. మూత్రం ఎప్పటిలాగే వస్తోందా, వస్తున్నట్టు మీకు తెలుస్తోందా? సైకిల్ సీటు ఒంటికి ఆనుకునే చోట, అంటే మలద్వారం చుట్టూ, జననాంగాల దగ్గర, స్పర్శ మొద్దుబారిందా? పాదం పైకి లేవక నడకలో చెప్పు జారిపోవడం గానీ, రెండు కాళ్లూ బలం తగ్గడం గానీ ఉందా? వీటిలో ఏ ఒక్కటున్నా ఇక్కడితో చదవడం ఆపి, న్యూరోసర్జన్ లేదా స్పైన్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఈ రాత్రికే వెళ్లండి. మన వెన్నుపాము నడుము పైభాగంలోనే, ఎల్1 పూస దగ్గర, ఆగిపోతుంది (నడుము పూసలకు పైనుంచి కిందికి ఎల్1 నుంచి ఎల్5 అని పేర్లు, వాటి కిందిది ఎస్1). అక్కడి నుంచి కిందికి నరాలు గుర్రం తోకలా కట్టగా దిగుతాయి. పెద్ద డిస్క్ ముక్క ఆ కట్టనంతా నొక్కేస్తే మూత్రాశయం, పేగు పట్టు తప్పుతాయి. ఇందులో మోసపోయే చోటు ఒకటుంది. మూత్రాశయం నిండిపోయినా నొప్పి తెలియదు, నిండి పొర్లి చుక్కలు చుక్కలుగా కారుతుంది. మనిషేమో "మూత్రం పోతూనే ఉందిగా" అనుకుంటాడు. ఇక్కడ ఆలస్యాన్ని రోజుల్లో కాదు, గంటల్లో లెక్కపెడతారు.

అవేవీ లేవనుకుందాం. ఇప్పుడు రిపోర్టు తీయండి.

డిస్క్ "జారదు". పై పూసకూ కింది పూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి జారడానికి వీల్లేదు. దాన్ని పూర్ణం బూరెలా ఊహించుకోండి. చుట్టూ గట్టి పొర, లోపల మెత్తని గుజ్జు. బూరెను పైనుంచి నొక్కితే అన్ని వైపులకూ కాస్త వెడల్పవుతుంది, అది బల్జ్. ఒక పక్క పొర బలహీనపడి అక్కడ ఉబ్బితే ప్రొట్రూజన్. పొర చిట్లి పూర్ణం బయటికొస్తే ఎక్స్‌ట్రూజన్. ఆ ముక్క తెగి విడిపోతే సీక్వెస్ట్రేషన్. డెసికేషన్ అంటే డిస్క్‌లో నీటిశాతం తగ్గింది, అంతే. నెత్తిమీద తెల్ల వెంట్రుక లాంటిది. మన దగ్గర అందరూ అనే "గ్యాప్ వచ్చింది" అన్న మాట అసలు తలకిందులు. ఎక్స్‌రేలో డిస్క్ కనపడదు, రెండు పూసల మధ్య ఖాళీ మాత్రమే కనపడుతుంది. వయసుతో ఆ ఖాళీ తగ్గుతుంది గానీ కొత్తగా రాదు.

1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసి చూశారు. 52 శాతం మందికి కనీసం ఒక చోట బల్జ్, 27 శాతం మందికి ప్రొట్రూజన్ ఉన్నాయి. అన్ని డిస్కులూ బాగున్నవాళ్లు 36 శాతమే. 2015లో 3,110 మంది నొప్పిలేనివాళ్ల స్కానులను కలిపి లెక్కించినప్పుడు, 40 ఏళ్ల వయసులో సగం మందికి బల్జ్, 68 శాతం మందికి డిస్క్ అరుగుదల తేలాయి. అంటే మీ ఆఫీసులో మీ వయసువాళ్లను వరసగా స్కానింగ్ గదిలోకి పంపితే సగం మంది ఇదే రిపోర్టు పట్టుకుని బయటికొస్తారు. ఎక్స్‌ట్రూజన్ మాత్రం ఆ 98 మందిలో ఒక శాతానికే ఉంది. అందుకే ఆ మాట రిపోర్టులో ఉంటే బరువు ఎక్కువ, బల్జ్ అన్న మాటకు తక్కువ.

ఇప్పుడు అసలు పని. రిపోర్టులో రాసిన చోటు, మీ కాలు చెబుతున్న చోటు ఒకటేనా?

ఎల్4-ఎల్5 డిస్క్ మామూలుగా నొక్కేది ఎల్5 నరాన్ని. ఆ బాధ పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి వస్తుంది. బొటనవేలిని పైకెత్తే బలం తగ్గుతుంది, మడమల మీద నడవడం కష్టమవుతుంది. ఎల్5-ఎస్1 డిస్క్ నొక్కేది ఎస్1 నరాన్ని. అది పిక్క వెనక నుంచి మడమకు, పాదం బయటి అంచుకు, చిటికెన వేలికి పోతుంది. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం కష్టమవుతుంది, మడమ వెనక ఉండే కండరపు తాడు మీద సుత్తితో కొడితే రావలసిన కదలిక మందగిస్తుంది. పైనున్న ఎల్3-ఎల్4 దగ్గర తేడా వస్తే తొడ ముందు భాగం, మోకాలి లోపలి వైపు నొప్పి. ఈ సరిహద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటాయి. అయినా మీరు చెప్పిన దారి, పిక్క వెనక నుంచి మడమకు, ఎస్1 దారి. దానికి సరిపోయేది ఎడమ వైపు చిన్న ప్రొట్రూజన్ అని రిపోర్టు చివర రాసిన ఎల్5-ఎస్1. మొదటి వరసలో ఉన్న ఎల్4-ఎల్5 బల్జ్ బహుశా ఈ కథలో పాత్రధారే కాదు. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది తర్వాతి మాట, ఎల్4-ఎల్5కు చేస్తామన్నప్పుడు "నా నొప్పి ఆ నరానిదేనా" అని అడగాల్సిందే.

ఇంట్లోనే చేసుకునే పరీక్షలు మూడున్నాయి. వెల్లకిలా పడుకోండి, ఇంకొకరు మడమ పట్టుకుని, మోకాలు వంచకుండా ఎడమ కాలు మెల్లగా పైకెత్తాలి. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలు దాటి కిందికి జివ్వుమని లాగితే నరం నొక్కుకుంటోందని అర్థం. తొడ వెనక మాత్రమే బిగిస్తే అది కండరం. బాగున్న కుడి కాలు ఎత్తినప్పుడు ఎడమ కాల్లో నొప్పి వస్తే డిస్క్ ముక్క బయటికి వచ్చి ఉండే అవకాశం బాగా ఎక్కువ. తర్వాత పది అడుగులు మడమల మీద నడవండి. ఆ తర్వాత గోడ పట్టుకుని ఒక్కో కాలి మునివేళ్ల మీద పదేసి సార్లు లేవండి, రెండు కాళ్లకూ తేడా ఉందేమో చూడండి. ఈ లెక్కలు తేదీ వేసి రాసిపెట్టుకోండి. నొప్పి పెరగడం కంటే బలం తగ్గడం ముఖ్యమైన కబురు. నిన్న పదిసార్లు లేచిన కాలు ఇవాళ నాలుగుసార్లే లేస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి.

నడుము నొప్పిలో నూటికి తొంభై మందికి ఫలానా భాగమే కారణమని వేలెత్తి చూపించలేం. కండరం, పూసల వెనక చిన్న కీళ్లు, తుంటి దగ్గరి ఎస్‌ఐ కీలు, డిస్క్ బయటి పొర, ఏదైనా కావచ్చు. చూపించలేకపోవడం చేతకానితనం కాదు, వీటన్నిటికీ మొదటి ఆరు వారాల వైద్యం ఒకటే. కాకపోతే కొన్ని జబ్బులు ఈ గుంపులో కలిసిపోయి దాక్కుంటాయి. వాటిని మాత్రం విడిగా పట్టుకోవాలి.

మన దగ్గర ఎక్కువగా తప్పిపోయేది పూసల క్షయ. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి, వెన్ను మీద ఒకే పూస దగ్గర వేలితో తట్టితే ఉలిక్కిపడడం దీని ఆనవాళ్లు. దగ్గు ఉండాల్సిన పనిలేదు, ఊపిరితిత్తుల ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు. స్కానులో క్షయ సాధారణంగా డిస్క్‌నూ దానికి అటూ ఇటూ ఉన్న పూసలనూ కలిపి తినేస్తుంది. క్యాన్సర్ పాకినప్పుడైతే పూస పాడవుతుంది, డిస్క్ మాత్రం చాలావరకు మిగులుతుంది. క్షయ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, వెన్నుకు వస్తే ఏడాది పాటో అంతకు మించో వాడాలి. పచ్చిపాలు తాగేవాళ్లకు, పశువుల ఈతల దగ్గర పనిచేసేవాళ్లకు జ్వరంతో నడుము నొప్పి వస్తే పశువుల నుంచి అంటే బ్రుసెల్లోసిస్ పరీక్ష కూడా అడగాలి.

రెండోది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్ల వాపు జబ్బు. 40 ఏళ్ల లోపు మొదలవుతుంది, మూడు నెలలు దాటినా పోదు. తెల్లవారుజామున మూడు నాలుగింటికి నిద్ర లేపుతుంది, పొద్దున అరగంటకు పైగా నడుము బిగుసుకుపోతుంది, నడిస్తే తేలికవుతుంది, పడుకుంటే పెరుగుతుంది. మామూలు నడుము నొప్పికి ఇది సరిగ్గా ఎదురు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. నడుముకు తీసే మామూలు ఎం.ఆర్.ఐ.లో ఎస్‌ఐ కీళ్లు పూర్తిగా పడవు. రిపోర్టు "నార్మల్" అనో "చిన్న బల్జ్" అనో వస్తుంది, కుర్రాడు ఏళ్ల తరబడి డిస్క్ వైద్యం చేయించుకుంటూ ఉంటాడు. ఈ లక్షణాలుంటే ఎస్‌ఐ కీళ్లకు విడిగా ఎం.ఆర్.ఐ., హెచ్‌ఎల్‌ఏ-బి27 రక్తపరీక్ష, రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు). ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు మామూలుగా ఉన్నా ఈ జబ్బు లేదని కాదు.

60 దాటిన ఆడవాళ్లకు బస్సు గతుకులో ఎగిరిపడ్డాకో, బాత్రూంలో చతికిలబడ్డాకో మొదలైన నొప్పి పూస నలిగిన నొప్పి కావచ్చు. ఆస్తమాకో కీళ్లకో స్టిరాయిడ్లు ఏళ్లుగా మింగినవాళ్లకూ అంతే. ఇలాంటివాళ్లను బోర్లా పడుకోబెట్టి తొక్కించకూడదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మన ఊళ్లలో నమ్మకం. పట్టు ఎలాగూ నాలుగైదు రోజుల్లో వదిలేదే కనుక పేరు తన్నినవాళ్లకు దక్కుతుంది. గుల్లబారిన ఎముక మీద ఆ ప్రయోగం చేస్తే మాత్రం ఇంకో పూస విరుగుతుంది.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు వెన్ను కర్రలా బిగుసుకుపోయి, వంగలేక, గొంతు కూర్చోలేక పోవడం తెలిసిన సంగతే. అప్పటి నెల్లూరు ప్రాంతంలో దీన్ని 1937లోనే వైద్యులు వర్ణించారు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఇలాంటి వెన్నుకు గట్టిగా విరిచే వైద్యాలు ప్రమాదం. ఇక నొప్పి కెరటంలా వచ్చి పక్క నుంచి గజ్జలోకి దిగితే కిడ్నీ రాయి, చర్మం మండి రెండు మూడు రోజులకు ఒకే వైపు పొక్కులొస్తే సర్పి. 60 దాటినవాళ్లు నాలుగు వీధులు నడవలేక ఆగి, ముందుకు వంగి కూర్చుంటే సర్దుకుని, సైకిల్ మాత్రం హాయిగా తొక్కగలుగుతుంటే అది వెన్ను కాలువ ఇరుకు, అంటే వెన్నులో నరాలు దిగే దారి ఇరుకవడం. నిలబడి ఆగినా చాలు తగ్గిపోతుంటే కాళ్ల రక్తనాళాలు చూపించాలి.

మీ విషయానికి వస్తే, మూడు నెలల బెడ్ రెస్టు అక్కర్లేదు, పైగా చెరుపు. 1986లోనే రెండు రోజుల విశ్రాంతినీ ఏడు రోజుల విశ్రాంతినీ పోల్చి చూశారు. బాగవడంలో తేడా లేదు, ఎక్కువ రోజులు పడుకున్నవాళ్లు పనికి మాత్రం ఆలస్యంగా వెళ్లారు. డిస్క్‌కు సొంత రక్తనాళాలు దాదాపు లేవు, కదలికలో నొక్కుకుని వదులుకున్నప్పుడే దానికి పోషణ అందుతుంది. మంచం మీద ఆ రాకపోకలు తగ్గుతాయి, వీపు కండరాలు వారాల్లోనే సన్నబడతాయి. కాబట్టి నొప్పి భరించలేని రోజు, మహా అయితే రెండో రోజు, పడుకోండి. ఆ పైన వద్దు.

పడుకునే తీరు ఇలా: నేల మీద చాప పరిచి వెల్లకిలా పడుకుని, రెండు పిక్కలూ కుర్చీ మీద పెట్టండి, తొడలు నిటారుగా ఉండాలి. పది నిమిషాలు. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. లేచేటప్పుడు సరాసరి లేవకుండా ఒక పక్కకు ఒత్తిగిలి, కాళ్లు మంచం కిందికి దించుతూ చేత్తో ఒంటిని పైకి తోసుకోండి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి ఒక చెయ్యి గోడకు ఆనించండి. ఈ నాలుగు వారాలు గొంతు కూర్చునే మరుగుదొడ్డి మానేసి కమోడ్ వాడండి. నీళ్లు, పీచు పదార్థం బాగా తీసుకోండి, మలబద్ధకంతో ముక్కితే కాలి నొప్పి రెట్టింపవుతుంది.

పరుపు మళ్లీ వేయించండి. 2003లో స్పెయిన్‌లో 313 మందితో చేసిన పరీక్షలో బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. చెక్క బల్ల ఎవరికీ అవసరం లేదు. ఊయలలా దిగబడే నులక మంచం మాత్రం కొన్నాళ్లు వద్దు.

పొద్దున లేచిన మొదటి గంట చాలా జాగ్రత్తగా ఉండాలి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున మనం సెంటీమీటరో అంతకు కాస్త ఎక్కువో పొడవుంటాం. ఆ ఉబ్బిన డిస్క్ మీద వంగితే పొర మీద ఒత్తిడి పగటికంటే చాలా ఎక్కువ. మన ఇళ్లలో ఆడవాళ్లు లేచీ లేవగానే చేసేవి ఏమిటి? ఊడవడం, కల్లాపి చల్లడం, నడుము వంచి ముగ్గు వేయడం. నొప్పి ఉన్నన్నాళ్లు ఇవి ఒక గంట ఆలస్యంగా చేయాలి, లేదా పొడవు కర్ర చీపురు, చిన్న పీట వాడాలి. మగవాళ్లకు ఇదే సూత్రం బోరు దగ్గర బకెట్లకు, బూట్ల లేసులకు వర్తిస్తుంది. ఖర్చు లేని జాగ్రత్తల్లో దీన్ని మించింది లేదు, ఎందుకో చీటీ మీద ఎవరూ రాయరు.

మందుల మాట. నడుము నొప్పికి పారాసిటమాల్ ఒక్కటీ అంతగా పనిచేయదు. 2014లో ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా మీద చూస్తే, మాత్ర వేసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ బాగవడానికి 16, 17 రోజులే పట్టింది. ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, లేదా ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు రెండుసార్లు, లేదా నాప్రోక్సెన్ 250 నుంచి 500 రెండుసార్లు, వీటిలో ఏదో ఒకటి, తిన్నాక, ఐదు నుంచి ఏడు రోజులు. "ఏదో ఒకటి" అన్నది గట్టిగా పట్టుకోండి. ఒక మందుల షాపులో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర ఇస్తారు, ఇంకోచోట డైక్లోఫెనాక్ ఇస్తారు, జ్వరానికని డోలో ఇంట్లో ఉంటుంది. మూడూ కలిస్తే ఒకే జాతి మందు రెండింతలు, పారాసిటమాల్ రెండింతలు. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, గర్భిణులు, బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఇవి ముట్టొద్దు. శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్లయితే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా అసలే వద్దు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక, సాయంత్రం నొప్పి మాత్ర మింగడం కిడ్నీకి అన్నిటికంటే చెడ్డ జోడింపు.

ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే "రెండు కలిపిన ఇంజెక్షన్" చాలాసార్లు డైక్లోఫెనాక్, డెక్సామెథజోన్. రెండు రోజులు అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే రెండోది స్టిరాయిడ్. వారం వారం వేయించుకుంటే షుగరు, ఎముకల గుల్ల. పైగా పిర్ర మీద సూది గుచ్చే చోటు తప్పితే పిర్ర నుంచి కాల్లోకి దిగే సయాటిక్ నరానికే తగిలి పాదం పడిపోతుంది. నడుము నొప్పికి వెళ్లి కాలు పోగొట్టుకోవడం అంటే అదే. కాలి నొప్పికి విరివిగా రాస్తున్న ప్రీగాబాలిన్ మీద 2017లో ఆస్ట్రేలియాలో సయాటికా (మీలాగే కాల్లోకి దిగే నరం నొప్పి) రోగులతో పరీక్ష చేశారు. నొప్పి తగ్గలేదు, తల తిరగడం పెరిగింది. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరును అడిగి మెల్లగా తగ్గించండి. అది వేసుకుని బైకు నడపొద్దు.

వేడి కాపడం మంచిదే, 15 నుంచి 20 నిమిషాలు, గుడ్డ మీద నుంచి. తిమ్మిరి ఉన్న చోట, షుగరువాళ్లకు మొద్దుబారిన చోట పెట్టొద్దు, కాలినా తెలియదు. నువ్వుల నూనె మర్దనా, కటి వస్తి (నడుము మీద వేడి నూనె నిలిపే ఆయుర్వేద పద్ధతి) హాయినిస్తాయి, ఆ హాయిలో నాలుగు అడుగులు ఎక్కువ వేయగలిగితే అదే లాభం. ఫిజియోథెరపీ అంటే "పది రోజులు కరెంటు పెట్టించుకోవడం" అని మన దగ్గర స్థిరపడిపోయింది. కరెంటు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టడం), బెల్టు, ఈ మూడూ దీర్ఘకాలం నొప్పికి పనికిరావని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల సారం. బెల్టు ప్రయాణంలో గంటో రెండు గంటలో పెట్టుకుంటే తప్పులేదు. ఫిజియోథెరపిస్టు దగ్గర కొనుక్కోవాల్సింది యంత్రం కాదు, మీ ఒంటికి తగిన వ్యాయామం నేర్పి సరిదిద్దే కళ్లు.

నడక ఇవాళే మొదలు. నొప్పి పెరగని దూరం ఎంతో చూడండి, ఐదు నిమిషాలే కావచ్చు. రోజుకు నాలుగైదు సార్లు ఐదేసి నిమిషాలు, రెండు రోజులకోసారి ఒక నిమిషం పెంపు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒక్క విడతలో 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులకు చేరాలి. తగ్గాక కూడా ఇది మానొద్దు. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరీక్షలో, నడక నేర్పినవాళ్లకు నొప్పి మళ్లీ రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నేర్పనివాళ్లకు 112.

వ్యాయామాల్లో మీకు మొదటిది బోర్లా పడుకోవడం. రెండు నిమిషాలు ఊరికే. తర్వాత మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు. ఓర్చుకోగలిగితే అరచేతులు నేలకానించి, నడుము, పిర్రలు వదులుగా వదిలేసి, ఛాతీ పైకి లేపి దించండి, పదిసార్లు, మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి. ఇక్కడ ఒక్క నియమమే చూడాలి. నొప్పి కాలి నుంచి పైకి, నడుములోకి చేరుతుంటే మంచిదే, నడుములో కాస్త పెరిగినా భయపడొద్దు. పిక్క నుంచి పాదానికి దిగుతుంటే, తిమ్మిరి పెరుగుతుంటే వెంటనే ఆపండి, అది మీకు సరిపడదు. వెన్ను కాలువ ఇరుకు ఉన్న పెద్దవాళ్లకు ఈ వెనక్కి వంగే వ్యాయామమే నొప్పి పెంచుతుంది. వాళ్లకు మోకాళ్లు ఛాతీకి లాక్కునేది నప్పుతుంది. ఇద్దరికీ ఒకే చార్టు జెరాక్స్ ఇస్తే ఒకరికి తప్పనిసరిగా చెడుతుంది.

కాలి నొప్పి మోకాలు దాటి పైకి వచ్చాక, మూడో నాలుగో వారం నుంచి, బలానికి మూడు చాలు. చేతులు, మోకాళ్ల మీద ఆవులా ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచి పది సెకన్లు, నడుము ఊగకూడదు, వీపు మీద గ్లాసు పెడితే నీళ్లు తొణకకూడదు. ఒక్కో వైపు ఆరు, కాసేపాగి నాలుగు, కాసేపాగి రెండు. పక్కకు పడుకుని మోచేయి, మోకాలి మీద ఒళ్లు లేపడం, అవే లెక్కలు. వెల్లకిలా మోకాళ్లు వంచి పిర్రలు లేపి ఐదు సెకన్లు, పదిసార్లు. వెల్లకిలా పడుకుని నిటారు కాళ్లతో పూర్తిగా లేచే పొట్ట వ్యాయామాలు, నిలబడి కాలివేళ్లు అందుకోవడం, సూర్య నమస్కారాల్లో ముందుకు వంగే భంగిమలు మూడు నెలల దాకా వద్దు. యోగా మానమని కాదు, ఆ వంపులు వద్దని.

బైకు మీ నొప్పికి సగం కారణం కావచ్చు. వంగి కూర్చోవడం, ఇంజను అదురు, స్పీడ్ బ్రేకరు దెబ్బ, మూడూ ఒకేసారి. నాలుగు వారాలు మెట్రో, బస్సు. తర్వాత టైర్ల గాలి కంపెనీ చెప్పినంతే పెట్టించి, వెనక షాక్ అబ్సార్బర్ కారుతుంటే మార్చి, గతుకు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేవండి. ఆఫీసులో 30 నిమిషాలకోసారి లేవాలి, కుర్చీ ఎంత ఖరీదైనా సరే. బకెట్ ఎత్తేటప్పుడు వంగాల్సింది తుంటి దగ్గర, నడుము దగ్గర కాదు. దీన్ని సాధన చేయడానికి ఒక కర్ర వీపు మీద నిలువుగా పట్టుకోండి, తల వెనక, భుజాల మధ్య, తోకెముక, మూడు చోట్లా తగులుతూ ఉండగా వంగి లేవండి. కర్ర ఒక చోట వదిలిందంటే వీపు వంగింది. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు, దాన్ని ఎత్తొద్దు, ఒరగబెట్టి అంచు మీద దొర్లించండి. నాట్లు, కలుపు పనులకు వెళ్లేవాళ్లు 20 నిమిషాలకోసారి నిలబడి, చేతులు నడుం మీద పెట్టి ఐదుసార్లు వెనక్కి విరుచుకుంటే సాయంత్రానికి తేడా తెలుస్తుంది.

చివరికి ఆపరేషన్. నెదర్లాండ్స్‌లో 283 మంది తీవ్రమైన సయాటికా రోగులను సగం మందికి వెంటనే ఆపరేషన్, సగం మందికి ఆగి చూడడం అని పంచారు, ఫలితాలు 2007లో వచ్చాయి. ఆపరేషన్ వాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తర్వాత రెండు గుంపులూ ఒకటే, రెండిట్లోనూ 95 శాతం మంది బాగయ్యామన్నారు. ఆగి చూసినవాళ్లలో 39 శాతం మందికి మధ్యలో ఆపరేషన్ అవసరమైంది. అంటే ఆపరేషన్ కొనిపెట్టేది ముఖ్యంగా సమయాన్ని. బయటికొచ్చిన ముక్కను ఒళ్లే తినేస్తుంది, విచిత్రంగా పెద్ద ముక్కలు, తెగిపోయిన ముక్కలు చిన్న బల్జ్‌ల కంటే ఎక్కువగా కరుగుతాయి. కాబట్టి "చాలా పెద్దది" అన్న మాటకు బెదరకండి. పాదం బలం తగ్గుతూ పోతున్నా, మూత్రం సంగతి వచ్చినా ఆగకూడదు. ఆరు నుంచి పన్నెండు వారాలు సరిగ్గా ప్రయత్నించాక కూడా కాలి నొప్పి నిద్ర పట్టనీయకపోతే, స్కాను చూపిన చోటు, కాలు చెప్పిన చోటు కలిస్తే, మైక్రోడిస్కెక్టమీ, అంటే చిన్న కోతతో నరాన్ని నొక్కే డిస్క్ ముక్క తీసేయడం, మంచి ఆపరేషన్. అది కాలి నొప్పికి చేసేది. కాలు బాగుండి నడుము మాత్రమే నొస్తుంటే దానివల్ల ఒరిగేది తక్కువ. బల్జ్ ఒక్కదానికి స్క్రూలు, రాడ్లు వేస్తామంటే ఇంకో సర్జన్‌ను అడగండి. వెన్నులో వేసే ఎపిడ్యూరల్ స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, ఆ వారాల్లో నడక, వ్యాయామం నిలబెట్టుకోగలిగేవాళ్లకే అది డబ్బుకు తగిన పని.

మీకిప్పుడు మూడో వారం. ఇంకో మూడు వారాలు పైన చెప్పినట్టు చేసి, ప్రతి ఆదివారం మునివేళ్ల లెక్క, మడమల నడక, నొప్పి ఎక్కడి దాకా దిగుతోంది, ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, ఈ నాలుగూ రాసుకోండి. ఆరో వారం డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫిల్ముతో పాటు ఆ కాగితం పట్టుకెళ్లండి, ముందు కాగితం చూపించండి.